సుకూన్ కాదు భాయ్, సఫాయీ



పోయిన నెల నరసరావుపేటలో మా ఆపా కొత్తింట్లో దావత్. ఖుర్ఆన్ ఖ్వానీ అయింది, బగారా ఖానా, దాల్చా అయ్యాయి, మగవాళ్లం హాల్లో కూలబడ్డాం. సోఫా పైన గోడకి, మన ఇళ్లలో కాబా తస్వీరో ఆయతుల్ కుర్సీ ఫ్రేమో ఉండే జాగాలో, నాలుగడుగుల బ్లాక్ అండ్ వైట్ ఫోటో వేలాడుతోంది. సముద్రం. అందులో నీళ్లు నీళ్లలా లేవు, పొగలా ఉన్నాయి, పాల మీద మీగడలా ఉన్నాయి. మధ్యలో రెండు నల్లటి కొయ్య గుంజలు. పైన బూడిదరంగు ఆకాశం. ఇంకేం లేదు. కింద మూలన సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు: 'సుకూన్'.

తీసినవాడు నా భాంజా. హైదరాబాద్‌లో నౌకరీ, జేబులో నాలుగు పైసలు, దాంతోపాటు ఫిల్ము కెమెరా షౌక్. సెలవు దొరికితే వాడరేవుకో సూర్యలంకకో పోయి రోల్ మీద రోల్ తీస్తాడు. ఒక్కో రోల్ వెయ్యి రూపాయల దగ్గర పడుతుంది.

అందరూ మాషా అల్లా అన్నారు. వరసకు ఫుప్పా అయ్యే పెద్దాయన అయితే ఫైసలా కూడా ఇచ్చేశాడు: "జాన్‌దార్ చీజ్ ఒక్కటీ లేదు. ఇంట్లో పెట్టుకోవచ్చు, నమాజుకి కూడా ఖలల్ లేదు."

నేను వాణ్ని అడిగాను, "బేటా, ఎప్పుడు తీశావు ఇది?"

"ఫజర్ అయ్యాక మామూ. ఆదివారం."

ఆదివారం తెల్లవారుజామున వాడరేవు ఒడ్డు ఖాళీగా ఉంటుందా? రాత్రి వేటకు పోయిన బోట్లు ఒడ్డెక్కే టైము అది. బుట్టలతో ఆడవాళ్లు, పాట పాడే దలాల్‌లు, ఐసు బండ్లు, కాకులు, కుక్కలు, టీ బంకులు. అదే అడిగాను.

"అందరూ ఉన్నారు మామూ. లాంగ్ ఎక్స్‌పోజర్ కదా, అందులో పోయారు."

పోయారట! కుంకుడు రసంతో జిడ్డు పోయినట్టు చెప్పాడు. ఇది ఝూట్ తస్వీర్, గోడ మీద నుంచి దించండి అన్నాను. బర్కత్ కోసం దువా చేసిన ఇంట్లో అంత మాట అనకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. మూడు రోజులు ఆపా ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు బిర్యానీ చెంచాల మోతలో సగమే చెప్పిన మాట ఇక్కడ పూర్తిగా చెబుతున్నాను. ఇది మా భాంజా ఒక్కడి మసలా కాదు. వీడిలాంటి పిల్లలు మన ఇళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వీళ్ల ఫోటోలకు "జాన్‌దార్ లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చే పెద్దలూ ఉన్నారు.

పల్నాడోడికి సముద్రం గొడవ ఎందుకు అంటారేమో. 2022 ఏప్రిల్ 4 దాకా మా జిల్లాకు సముద్రం ఉండేది. గుంటూరు జిల్లా అంటే మాచర్ల రాళ్ల నుంచి నిజాంపట్నం రేవు దాకా. ఆ రోజు జిల్లాలు ముక్కలైనప్పుడు సున్నపు బట్టీలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ, ఎండా మాకు మిగిలాయి. సముద్రం బాపట్ల జిల్లాకి పోయింది. కాగితం మీద పోయిందంతే. నరసరావుపేట సంతలో ఎండు చేపలు ఇవాళ్టికీ ఆ ఒడ్డు నుంచే వస్తాయి. చిన్నప్పుడు ఈద్ మర్నాడు అబ్బా మమ్మల్ని బస్సెక్కించి సూర్యలంక తీసుకుపోయేవారు. ఇప్పుడు పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల మీదుగా వాడరేవుకి నేరుగా 167ఏ జాతీయ రహదారి వస్తోంది. కాబట్టి ఆ ఒడ్డు గురించి మాట్లాడే హక్ నాకుంది.

ముందు ఆ "పోవడం" ఎలా జరుగుతుందో చెప్పాలి. లెన్సు ముందు ఒక నల్ల అద్దం బిగిస్తారు. అందులో పది స్టాపుల రకం ఉంది, అది వెలుతురుని దాదాపు వెయ్యోవంతుకి తగ్గిస్తుంది. సెకనులో ఎనిమిదో వంతులో అయిపోయే ఫోటోకి అప్పుడు రెండు నిమిషాలకు పైగా షట్టర్ తెరిచి ఉంచాలి. పైగా ఫిల్ముకి ఒక బలహీనత ఉంది. వెలుతురు సన్నగా, ఎక్కువసేపు పడితే దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. అందుకని లెక్క తేలిన టైముకి ఇంకా కొన్ని రెట్లు కలపాలి. అంతసేపు కెమెరా కన్ను తెరిచి ఉంటే కదలనిది మిగులుతుంది, కదిలేది చెరిగిపోతుంది. అలలు పొగవుతాయి. గుంజ మిగులుతుంది. ఆ గుంజకి పడవ కట్టే మనిషి మిగలడు.

ఇది కొత్త సంగతి కాదు. 1838లో పారిస్‌లో దగేర్ అనే ఆయన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బండ్లూ జనమూ తిరిగే వీధి. ఫోటోలో మాత్రం ఖాళీ. బూటు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక్క మనిషి ఆకారం స్పష్టంగా మిగిలింది. పాలిష్ చేసేవాడు మసకమసకగా ఉన్నాడు, వాడి చేతులు పని చేస్తున్నాయి కదా మరి. దగేర్‌కి వేరే దారి లేదు, ఆయన పలక వెలుతురు పట్టుకోవడానికి నిమిషాలు తీసుకునేది. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత మనవాడు డబ్బు పెట్టి నల్లద్దం కొని మరీ అక్కడికి పోతున్నాడు. పని చేసే మనిషి చెరిగిపోవడాన్ని సుకూన్ అంటున్నాడు. నేను దాన్ని సఫాయీ అంటాను. మునిసిపాలిటీ వాళ్లు వీఐపీ వచ్చే రోజు తోపుడు బండ్లు తీయించే సఫాయీ.

ఇక జాన్‌దార్ మాట. నేను ఆలిమ్‌ని కాను. ఉర్దూ మీడియంలో చదివిన పుణ్యాన కొన్ని కితాబులు చదవగలను, అంతే. బుఖారీ షరీఫ్‌లో ఒక రివాయత్ ఉంది. ఒకతను హజ్రత్ ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు దగ్గరికి వచ్చి, నా రోజీ నా చేతిపని మీదే, నేను తస్వీర్లు చేస్తాను అని చెప్పుకున్నాడు. తస్వీర్ చేసినవాడికి అల్లాహ్ దగ్గర పడే అజాబ్ గురించి హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ నుంచి తాను విన్నది ఆయన చెప్పారు. అది విని ఆ మనిషి ముఖం పాలిపోయింది. అప్పుడు ఆయన, తప్పదంటే చెట్లు చెయ్యి, రూహ్ లేనివి చెయ్యి అన్నారు. కెమెరా వచ్చాక ఉలమాలో ఇఖ్తిలాఫ్ వచ్చింది. పాస్‌పోర్టులాంటి జరూరత్‌కి తప్ప జాన్‌దార్ ఫోటో వద్దన్నది దేవ్‌బంద్ పెద్దల్లో ఎక్కువమంది మాట. ఈజిప్టు ముఫ్తీగా చేసిన షేక్ ముహమ్మద్ బఖీత్, కెమెరా మనిషిని తయారు చెయ్యదు, ఉన్న నీడను పట్టి ఉంచుతుందంతే అని వాదించి జాయెజ్ అన్నారు. ఇద్దరికీ నా అదబ్. ఎవరు ఏది పాటిస్తే అది వాళ్ల దీన్.

నా తక్లీఫ్ వేరే చోట ఉంది. ఆ రివాయత్‌లో వచ్చిన మనిషి ఎవరు? చేతిపని చేసుకు బతికే మజ్దూర్. వాడి కడుపు మీద రహమ్‌తో దొరికిన ఇజాజత్ అది. అదే ఇజాజత్‌ని పట్టుకుని చేతిపని చేసుకు బతికేవాళ్లని ఒడ్డు మీద నుంచి తుడిచేస్తారా? జాన్‌దార్ వద్దు అనుకుంటే లెన్సు ఇటు తిప్పొచ్చు కదా. ఆరేసిన వలలకు రూహ్ లేదు. లంగరుకి లేదు, తెడ్డుకి లేదు, ఐసు పెట్టెకి లేదు. తడి ఇసకలో పాదాల గుర్తులకు లేదు. ఒక్క మనిషీ లేకుండా, మనిషి బతుకంతా ఉండే తస్వీర్ తియ్యొచ్చు. అందుకు నల్లద్దం అక్కర్లేదు.

(ఈ సందులో ఇంకో మాట. 'కెమెరా' అరబీ 'ఖమ్రా' నుంచి వచ్చిందని వాట్సప్‌లో తిప్పుతుంటారు. కాదు. అది గది అనే అర్థమున్న లాటిన్ మాట. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా పడే వెలుతురు మీద ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందట చేసిన పని నిజంగానే గొప్పది. నిజం అంత పెద్దది చేతిలో ఉండగా అబద్ధపు ఫఖర్ ఎందుకు?)

భాంజా ఊరుకోలేదు. మర్నాడు ఫోన్ చేసి మైకేల్ కెన్నా పేరెత్తాడు. ఇంగ్లండులో పుట్టిన ఫోటోగ్రాఫర్, జపాన్‌లో హొక్కైదో తీరాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద లాంగ్ ఎక్స్‌పోజర్‌తో తీసి దునియా అంతా పేరు తెచ్చుకున్నాడు. "ఆయన తీస్తే కళ, నేను తీస్తే ఝూటా మామూ?" అన్నాడు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే కెన్నా తస్వీర్లు నాకూ నచ్చుతాయి. మంచు కప్పిన ఒడ్డు మీద ఒంటరి కంచె, దాని పక్కన నల్లటి నీళ్లు. కానీ ఆయన తస్వీర్ల కింద ఏ చోటు, ఏ దేశం, ఏ సంవత్సరం అని రాసి ఉంటుంది. మనవాడి ఫోటో కింద ఏముంది? 'సుకూన్'. వాడరేవు లేదు. సంవత్సరం లేదు. అది వాడరేవో, గోవానో, స్కాట్లండో యాభై ఏళ్ల తర్వాత చూసేవాడికి ఏం తెలుస్తుంది?

రెండో మాట కూడా అన్నాడు, అది గట్టిది. "ఊళ్ల నుంచి కెమెరాలతో వచ్చి మత్స్యకారుల ముడతల ముఖాలు బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ప్రైజులు కొట్టేవాళ్లు మంచివాళ్లా? నేను కనీసం ఎవరి గరీబీనీ అమ్ముకోవట్లేదు." నిజమే. ఆ ముసలి ముఖాల వ్యాపారం నాకూ వెగటే. నేను ముఖాలు అడగడం లేదు. గవాహీ అడుగుతున్నాను. ఆ ఒడ్డు ఆ రోజు ఎలా ఉందో చెప్పగలిగే సాక్ష్యం. ఈ తేడా నాకు కితాబుల్లో తెలియలేదు, మా బడేఅబ్బా నెగెటివ్‌ల డబ్బాలో తెలిసింది.

బడేఅబ్బాకి నరసరావుపేటలో చిన్న స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, రేషన్ కార్డు ఫోటోలు, నికాహ్‌లు. దీన్ విషయంలో చాలా పాబంద్ మనిషి. రోజీ కోసం జనాన్ని తీసేవారు గానీ సొంత ఇంట్లో మనిషి ఫోటో ఒక్కటి వేలాడనిచ్చేవారు కాదు. చలికాలం రాగానే మిగిలిపోయిన ఫిల్ము రోల్స్ సంచీలో వేసుకుని ఒడ్డుకు పోయేవారు. నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, ఒకోసారి బందరు. బందరంటేనే ఫార్సీలో రేవు అని, గోల్కొండ పాదుషాల కాలంలో అరబ్ తీరానికి జహాజులు అక్కణ్నుంచే కదిలేవని ఆయన నోట విన్నదే.

ఫిల్ము ఊటీలో తయారైన ఇందు. కేంద్ర ప్రభుత్వం వాళ్ల హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సరుకు, ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు. డెవలపర్ తానే తూచి కలుపుకునేవారు. లీటరు నీళ్లకి మెటాల్ రెండు గ్రాములు, సల్ఫైటు వంద, హైడ్రోక్వినోన్ ఐదు, బోరాక్స్ రెండు. డి-76 అంటారు దాన్ని, దునియా అంతటా అదే నుస్ఖా. కష్టమంతా నీళ్లతోనే. ఆ మందు ఇరవై డిగ్రీల చల్లదనంలో పని చేయాలి. రెంటచింతల ఉన్న ఇలాకా మాది. ఎండాకాలం ట్యాంకు నీళ్లతో కడిగితే ఫిల్ము మీద జెలటిన్ పొర ఉబ్బి ముడతలు పడేది. అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి, బకెట్లో పెట్టి, అందులో సీసాలు నిలబెట్టేవారు. చేపలు కప్పే ఐసే సముద్రం ఫోటో కడగడానికీ వచ్చేది. మా నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఆరాక తెల్లటి చుక్కలు మిగిలేవి. భాంజా మొదటిసారి ఒక నెగెటివ్ చూసి, "మామూ, ఇవి నక్షత్రాలా?" అన్నాడు. పిడుగురాళ్ల సున్నం రా బేటా అన్నాను.

ఒక్కో రోల్‌కీ ఒక కాగితం కవరు. దాని మీద ఉర్దూలో చోటు పేరు, తారీఖు, పొద్దున్నా మగ్రిబా, ఆటా పోటా, పసుపు ఫిల్టరు పెట్టారా లేదా. అన్నీ రాసేవారు.

1977 నవంబర్ 19, శనివారం. బక్రీద్ ఇంకా రెండు మూడు రోజులుందనగా తుఫాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. కృష్ణకి అవతల దివిసీమ మీద ఉప్పెన తాటిచెట్ల ఎత్తున పడింది. సర్కారీ లెక్కల్లోనే చచ్చిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. ఆ ఏడు మా ఇంట్లో ఈద్ మీద ఎవరికీ మనసు లేదని అమ్మీ చెప్పేది. మొహల్లావాళ్లు బియ్యం, దుప్పట్లు పోగుచేసి లారీలో రేపల్లె వైపు పోయారు. బడేఅబ్బా కూడా పోయారు, ఇరవై ఏడేళ్ల మనిషి. మెడలో ఆగ్ఫా క్లిక్ త్రీ, మన దేశంలో తయారైన చవక కెమెరా, రోల్‌కి పన్నెండు ఫోటోలు. రెండు రోల్స్. ఇరవై నాలుగు.

ఆ ఇరవై నాలుగింటిలో ఒక్క మయ్యత్ లేదు.

పత్రికల్లో వచ్చినవి మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు, అవి ఎలాంటివో నేను చెప్పక్కర్లేదు. పత్రికవాళ్ల పని వేరు, దునియాకి తెలియాలి కదా. బడేఅబ్బాని మాత్రం నేను పెద్దయ్యాక అడిగాను, మీరెందుకు తియ్యలేదని. ఆయన అన్న మాట ఇది: "మయ్యత్ కీ హుర్మత్ హై బేటా. ఢాంపనే కీ చీజ్ కు ఖోల్‌తే నై." కప్పాల్సినదాన్ని తెరవకూడదు. మరి ఏం తీశారు? ఒకే దిక్కుకి పడుకున్న తాటిచెట్లు. వరిచేను మధ్య బోర్లా పడిన పడవ. ఇసక మేట వేసిన రోడ్డు. ఇల్లు లేకుండా నిలబడ్డ ఒక ద్వారబంధం, దాని తలుపుకి గొళ్లెం వేసే ఉంది. ఆ తస్వీర్ చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గాలొస్తుందని భయపడి ఎవరో లోపల నుంచి గొళ్లెం పెట్టుకున్నారు.

అందులోనూ మనిషి లేడు. భాంజా ఫోటోలోనూ మనిషి లేడు. ఆ రెండు ఖాళీలూ ఒకటేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకాయన చనిపోయినవాళ్ల అదబ్ కోసం కళ్లు తిప్పుకుని, వాళ్ల గుర్తులన్నీ పోగుచేశాడు. ఒకడు బతికున్నవాళ్లు ఫ్రేముకి అడ్డమని చెరిపేశాడు.

ఇప్పుడు మన పెద్దల సంగతి. బడేఅబ్బా 2009లో ఇంతెకాల్ అయ్యారు, అల్లాహ్ మగ్ఫిరత్ చెయ్యాలి. ఆ తర్వాత రమ్జాన్‌కి ఇల్లు సున్నం కొట్టిస్తూ మచ్చు మీద సామాను దించారు. ముప్ఫై ఏళ్ల నెగెటివ్‌లు, బిస్కెట్ డబ్బాల్లో, చెప్పుల డబ్బాల్లో. "ఘర్ మే తస్వీరాఁ రహే తో ఫరిష్తే నై ఆతే" అన్నారెవరో. ఇంకెవరో ఫిల్ములో చాందీ ఉంటుంది, కబాడీవాడు మంచి రేటిస్తాడన్నారు. పాత పేపర్లతో కలిపి కాటా వేశారు. నేనక్కడే ఉన్నాను. పత్రికలో పని చేస్తున్నవాణ్ని, ముప్ఫైకి దగ్గరపడ్డవాణ్ని, దస్తావేజు విలువ తెలిసినవాణ్ని. పెద్దవాళ్ల ముందు నోరు పెగల్లేదు. ఎప్పుడో మా అబ్బా చూడ్డానికి తెచ్చుకున్న ఒక చెప్పుల డబ్బా మా ఇంట్లో ఉండబట్టి అది ఒక్కటి మిగిలింది. పైన చెప్పిన రెండు రోల్స్ అందులోవే.

ఆ రోజు ఆ ఇంట్లో టీవీ ఉంది. నికాహ్ ఆల్బమ్‌లు ఉన్నాయి, అవి అలాగే బీరువాలోకి పోయాయి. ప్రతి చేతిలో ఫోను ఉంది. బయటికి పోయినవి ఏవి? చెట్లు, పడవలు, ఇసక, నీళ్లు. ఏ మస్లక్ ప్రకారం చూసినా అభ్యంతరం లేనివి! ఫుప్పా ఇచ్చిన ఫైసలా ఆ డబ్బాలకు ఎందుకు దొరకలేదు? గోడకి వేలాడితే షాన్, మచ్చు మీద ఉంటే కచరా. దీన్ పేరు చెప్పుకున్నాం గానీ ఆ రోజు మనం చేసింది సున్నం కొట్టేముందు జాగా ఖాళీ చేసుకోవడమే.

పోతే ఏం పోయింది అనేవాళ్లు ఒకసారి మాచర్ల వైపు చూడండి. నాగార్జునకొండ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ పురావస్తు శాఖవాళ్లు తవ్వకాలు జరిపారు, అడుగడుగూ బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటోలు తీశారు. కొన్ని కట్టడాలను అనుపుకీ, కొండ పైకీ మార్చి కట్టారు గానీ ఆ లోయనైతే మార్చలేరు కదా. అది ఎలా ఉండేదో ఇవాళ కళ్లతో చూడాలంటే ఆ తస్వీర్లే దిక్కు. వాటిని ఎవరూ కాటా వెయ్యలేదు కాబట్టి చూడగలుగుతున్నాం.

సముద్రపు ఒడ్డు అంతకంటే తొందరగా మారుతుంది. కాకినాడ పక్కన ఉప్పాడలో ఊరే కొద్దికొద్దిగా నీళ్లలోకి పోతోంది. మన వైపు తొంభైల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. అలల పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడి పెడుతూ కేంద్రం 1991 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ హద్దులో ఉన్న రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. రిపోర్టర్‌గా ఆ ఊళ్లు తిరిగినప్పుడు నేను విన్న తగాదా ఎప్పుడూ ఒకటే. ఇక్కడ ముందు మా వలలు ఆరేసుకునే జాగా ఉండేది అని ఒకరు, ఏమీ ఉండేది కాదు, ఖాళీ బీడు అని ఇంకొకరు. అలాంటి చోట తారీఖు రాసిన ఒక నెగెటివ్ ఉంటే? మనిషి నోటిమాట మార్చుకోవచ్చు, రేకు మీద పడ్డ నీడ మార్చుకోదు. ఆ జాగాని లాంగ్ ఎక్స్‌పోజర్‌లో తీసి ఉంటే అది ఎవరి తరఫున గవాహీ చెప్పేదో మీరే ఆలోచించండి. "ఖాళీ బీడు" అన్నవాడి తరఫున.

బ్లాక్ అండ్ వైటే ఎందుకు, అందులోనూ ఫిల్మే ఎందుకు అని అడుగుతారు. రఘుబీర్ సింగ్ అని మన దేశపు పెద్ద ఫోటోగ్రాఫర్, 1999లో పోయారు. హిందుస్తానీ కన్ను రంగుల కన్ను, బ్లాక్ అండ్ వైట్ పడమటివాళ్ల చూపు అని ఆయన వాదన. చీరాల చీర మీదైతే నేనూ ఒప్పుకుంటాను. డిసెంబర్‌లో ఫజర్ వేళ నిజాంపట్నం రేవులో నిలబడి ఆయన ఆ మాట అనగలిగేవారా అని నా డౌటు. మంచు, బురద, తడి కొయ్య, వల. అక్కడ అల్లాహ్ పెట్టిన రంగే అది. ఇంకో మోటు కారణం కూడా ఉంది. తొంభైల్లో మన ఇళ్లలో జరిగిన నికాహ్‌ల కలర్ ఫోటోలు ఒకసారి తీసి చూడండి. దుల్హన్ జోడా రంగు, గోడ రంగు, ముఖం రంగు అన్నీ ఒకే ఎరుపులోకి తిరిగిపోయాయి. వాటిలో ఉన్నది రసాయనపు రంగు, అది వెలుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో ఉన్నది చాందీ. బాగా కడిగి, పొడిగా ఉంచితే మన మనవళ్ల దాకా ఉంటుంది. ఫోన్లో ఉన్నవాటి మాట మీకే తెలుసు, ఫోను మారితే సగం గల్లంతు.

అందుకే భాంజా షౌక్ నాకు ఫుజూల్ ఖర్చీ అనిపించదు. ఆపా అంటోంది, నేను అనను. వాడు ఫిల్ము కొనాలి, ఒడ్డుకు పోవాలి, చీకటి గదిలో చేతులు తడుపుకోవాలి. కానీ కవరు మీద ఊరి పేరు రాయాలి. తారీఖు రాయాలి. ఒడ్డు మీద ఏముందో అది ఉండనివ్వాలి.

కవరు అన్నాను కదా, అక్కడ ఇంకో నొప్పి ఉంది. బడేఅబ్బా రాసినవన్నీ ఉర్దూలో. మా ఖాందాన్‌లో ఆ రాత చదవగలిగినవాణ్ని ఇప్పుడు దాదాపు నేనొక్కణ్నే. భాంజాకి ఇంగ్లీషు వచ్చు, తెలుగు కూడబలుక్కుంటాడు, ఉర్దూ మాట్లాడతాడు గానీ ఒక్క హర్ఫ్ రాదు. 'సుకూన్' అన్నది వాడి జబాన్ మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నేను పోయాక ఆ కవర్లు వాడికి గీతలే. అందుకని ఈ మధ్య రాత్రి ఇషా తర్వాత కూర్చుని ఒక్కో కవరు మీదిదీ తెలుగులో రాస్తున్నాను. మీ ఇళ్లలో మచ్చు మీద ఇలాంటి డబ్బా ఉంటే దించండి. సిర్కా వాసన వస్తుంటే ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టు, వాటిని మిగతావాటి నుంచి వేరు చెయ్యండి. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. రేకుల కింద ఉంచొద్దు. నానీయో దాదీయో ఇంకా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎక్కడో అడిగి రాసుకోండి. ఈ జుమాకి చేద్దాం, వచ్చే జుమాకి చేద్దాం అని నేను ఆగిన మనిషిని కాబట్టి చెబుతున్నాను.

ఆపా నాలుగో రోజు ఫోన్ ఎత్తింది. ఫోటో ఇంకా గోడ మీదే ఉంది. భాంజా మాత్రం సెలవుకి వచ్చినప్పుడు చెప్పుల డబ్బా పట్టుకుపోయి రెండు రోల్స్ స్కాన్ చేసి పంపాడు. గొళ్లెం పెట్టిన తలుపు గురించి ఒక్క మాట అనలేదు. రెండు రోజుల తర్వాత మెసేజ్: "మామూ, ఈ చోట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో పోయి చూద్దామా?" వచ్చే నెల పోతున్నాం. నల్లద్దం తేనన్నాడు. బ్యాగు చూస్తే గానీ నమ్మను.

ఒక్క చోటు మాత్రం దొరకడం లేదు. రెండో రోల్‌లో తొమ్మిదో ఫోటో. కవరు మీద బడేఅబ్బా రాత: నిజాంపట్నం నుంచి ముందుకు, సఫేద్ చిల్లా, రెండు తాళ్లు, 27 నవంబర్ 77, అసర్ తర్వాత. ఫోటోలో సున్నం కొట్టిన చిన్న చిల్లా, ఒక పక్క గోడ కూలి ఉంది. వెనక రెండు తాటిచెట్లు, ఒకదానికి తల లేదు. ఆ వెనక సముద్రం. రెండుసార్లు తిరిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల వైపు మీ నానీలూ దాదాలూ ఉంటే అడగండి. ఆ చిల్లా ఎవరి పేరు మీద ఉండేదో, ఏ ఊరి పొలిమేరలోనో తెలిస్తే చెప్పండి. ఫోటో ఇక్కడే పెడుతున్నాను, సున్నపు చుక్కలతో సహా.